"ఈ వయసులో ఎందుకండీ" అంటే మనం ఏం అడగాలి?

పోయిన నెల ఈ శీర్షికలో ఒకటి అడిగాను, మీకో మీ ఇంట్లో పెద్దవాళ్ళకో ఆస్పత్రిలో "వయసైపోయింది కదా, ఇంతే" అన్న జవాబు వచ్చి ఉంటే రాయమని. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలా వచ్చాయి. కొన్ని చదువుతుంటే కోపం వచ్చింది, కొన్ని చదివాక చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఎక్కువమందికి పనికొచ్చేవి తీసుకున్నా, ఊరి పేరు తప్ప మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశా. మందుల గురించి రాసినవి మీ డాక్టర్‌ని అడగడానికే గానీ మీ అంతట మీరు ఆపడానికో మొదలుపెట్టడానికో కాదు, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అత్తయ్యకి 79 ఏళ్ళు. ఆదివారం బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. పడేదాకా తన పని తనే చేసుకునేది, రోజూ గుడికి నడిచి వెళ్ళేది. ఎక్స్‌రే చూసిన డాక్టర్ గారు "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళి కాలికి బరువు కట్టి పడుకోబెట్టండి" అన్నారు. మా ఆడపడుచులు కూడా ఇప్పుడు కోతలెందుకు అంటున్నారు, మా ఆయనకి ఏం తోచట్లేదు, నాకేమో మనసొప్పట్లేదు.
- ఓ కోడలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ మెసేజ్ చూసిన రోజే ఫోన్‌లో చెప్పాను, ఆలస్యం చెయ్యకుండా గుంటూరులో ఇంకో ఆర్థో డాక్టర్‌కి చూపించమని. ఇక్కడ రాస్తున్నది ఇదే పరిస్థితిలో ఉన్న మిగతా ఇళ్ళ కోసం, ఎందుకంటే ఈ ఒక్క విషయం మీదే బోలెడు ఉత్తరాలున్నాయి.

తుంటి విరిగిన పెద్దవాళ్ళని పడుకోబెట్టి ఉంచితే రిస్కు లేదు, ఆపరేషన్ చేయిస్తేనే రిస్కు అని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. వారాల తరబడి వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ళల్లో రక్తం గడ్డకడుతుంది, నడుము దగ్గర పుండ్లు పడతాయి, యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుంది, కదిపిన ప్రతిసారీ నొప్పి కాబట్టి తిండి మానేస్తారు, నీళ్ళు కూడా తాగరు ఎక్కడ బెడ్‌పాన్ అడగాల్సొస్తుందో అని, చివరికి మనిషి పోయాక "తుంటి విరిగి పోయింది" అంటాం గానీ నిజానికి పోయింది మంచం పట్టి. అందుకే ప్రపంచమంతా ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఏంటంటే, తుంటి విరిగితే వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్ చేసి, కుదిరితే మర్నాడే లేపి వాకర్‌తో నిలబెట్టడం. 80 దాటినవాళ్ళకి, 90 దాటినవాళ్ళకి కూడా చేస్తున్నారు. తొడ ఎముక పైన మెడలా సన్నగా ఉండేచోట విరిగితే సగం కీలు మారుస్తారు, మనవాళ్ళు బాల్ మార్చారు అంటారు చూడండి అదే, కాస్త కింద విరిగితే లోపల రాడ్ వేసి స్క్రూలు బిగిస్తారు. చాలామందికి వెన్నులో ఇచ్చే మత్తుతోనే సరిపోతుంది.

మీ అత్తయ్య తట్టుకోలేదు అన్న మాట ఎక్స్‌రే చూసి చెప్పగలిగేది కాదమ్మా. ఎక్స్‌రేలో ఎముకే కనపడుతుంది. ఈసీజీ, 2డి ఎకో, రక్తపరీక్షలు చేయించి, జనరల్ ఫిజీషియన్ చూసి, మత్తు డాక్టర్ స్వయంగా వచ్చి మనిషిని చూసి, అప్పుడు చెప్పాల్సిన మాట అది. గుండె మరీ బలహీనంగా ఉందనో, ఊపిరితిత్తులు పనిచెయ్యట్లేదనో చెప్తే అది కారణం. 79 ఏళ్ళు అంటే అది పుట్టిన తేదీ, అంతే. ఎవరైనా సరే ఆ డాక్టర్ ముందు కూర్చుని మర్యాదగా అడగాల్సిన ప్రశ్న ఒకటే, "ఇదే తుంటి 50 ఏళ్ళ మనిషికి విరిగితే ఏం చేసేవారండీ, మా అత్తయ్యకి అది చెయ్యకపోవడానికి వయసు కాకుండా ఇంకేం కారణం ఉంది?" మంచి డాక్టర్ అయితే ఈ ప్రశ్నకి నొచ్చుకోరు, కారణం ఉంటే చెప్తారు, లేకపోతే మళ్ళీ ఆలోచిస్తారు.

ఆపరేషన్ వద్దు అనడం సరైన నిర్ణయం అయ్యే సందర్భాలు లేవని కాదు, ఎప్పట్నుంచో మంచం మీదే ఉన్నవాళ్ళు, ఏదో జబ్బు చివరి దశలో ఉన్నవాళ్ళు ఉంటారు, అప్పుడు కూడా నొప్పి తగ్గించే ఏర్పాటు మాత్రం గట్టిగా చెయ్యాలి, బరువు కట్టి వదిలెయ్యకూడదు. నిన్నటిదాకా గుడికి నడిచెళ్ళిన మనిషి ఆ కోవలోకి రాదు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకుందాం, ఎందుకంటే "ఈ వయసులో ఎందుకు" అని బంధువులు అనే మాట వెనక చాలాసార్లు ఉండేది అదే, ఎవరూ పైకి అనరు. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ భారత్‌లో వైద్యం అని కేంద్రం 2024 అక్టోబర్ 29న మొదలుపెట్టింది, దానికి ఆయుష్మాన్ వయవందన కార్డు అని పేరు, ఆధార్ ఉంటే చాలు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికెళ్ళి ఈ కార్డు, ఆంధ్రాలో అయితే ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో అయితే రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఏది వర్తిస్తుందో అడగండి, బిల్లు వేశాక కాదు, అడ్మిట్ అవ్వకముందే.

ఇంకొకటి, చిన్నగా పడినందుకే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. కాల్షియం, విటమిన్ డి తో పాటు ఎముక గట్టిపడే మందు గురించి డిశ్చార్జ్ రోజే అడగండి, ఏడాదికొకసారి సెలైన్‌లో ఇచ్చేది కూడా ఉంది. చాలాచోట్ల ఆపరేషన్ చేసి కుట్లు విప్పి పంపించేస్తారు గానీ దీని ఊసే ఎత్తరు, తర్వాత రెండో తుంటి విరుగుతుంది.

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని, 76 ఏళ్ళు. ప్రొస్టేట్ సమస్య ఉంటే మా అబ్బాయి హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టర్ నా వంక కూడా చూడలేదు, "రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నాడు, నిద్ర పడుతుందా" అని మావాడినే అడిగాడు, పక్కనే కుర్చీలో నేనున్నాను. తర్వాత బయాప్సీ తీశారు. రిపోర్ట్ నాకు చూపించలేదు. అంతా బాగానే ఉందంటున్నారు గానీ ఇంట్లో అందరి మొహాలూ వేరేగా ఉన్నాయి. నా రిపోర్ట్ నేను అడగకూడదా?
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: అడగొచ్చు మాస్టారూ, అది మీదే. స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగలిగిన పెద్దమనిషికి వైద్యం చెయ్యాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి, కొడుకో కూతురో పెట్టే సంతకం దాని బదులు పనికిరాదు. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇదే చెప్పింది, పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒకావిడకి బయట కూర్చున్న తల్లి దగ్గర ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి తీసేశారు, అది అప్పటికప్పుడు ప్రాణం మీదకొచ్చిన పని కాదు, ఆవిడకి స్పృహ వచ్చేదాకా ఆగి ఆవిడనే అడగాల్సింది, తల్లి ఒప్పుకోలు చెల్లదు అని తీర్పు. వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం పేషెంట్ గానీ, పేషెంట్ అధికారం ఇచ్చినవాళ్ళు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో కులం, మతం, లింగంతో పాటు వయసును బట్టి కూడా వివక్ష చూపకూడదని రాసుంది. కాబట్టి ఆస్పత్రి మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌కి మీ ఐడీ తీసుకుని, ఒక తెల్లకాగితం మీద రాసి మీరే వెళ్ళొచ్చు.

కానీ అంతకుముందు మీ అబ్బాయిని కూర్చోబెట్టి మాట్లాడమంటాను. దాచింది ప్రేమతోనే అయ్యుంటుంది, నాన్న తట్టుకోలేడేమో అని. మన ఇళ్ళల్లో ఇది మామూలే, ముప్ఫై ఏళ్ళ కొడుక్కి జబ్బు చేస్తే ముందు ఆ కొడుక్కే చెప్తాం, డెబ్భై ఏళ్ళ తండ్రికి చేస్తే ఆయనకి తప్ప వీధిలో అందరికీ చెప్తాం. ఒకవేళ అది ప్రొస్టేట్ క్యాన్సరే అనుకున్నా, దాంట్లో చాలా నెమ్మదిగా పెరిగే రకాలున్నాయి, కొన్నిటికి వెంటనే ఏమీ చెయ్యకుండా పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయిస్తూ కనిపెట్టుకుని ఉండటం కూడా సరైన వైద్యమే. ఆపరేషనా, రేడియేషనా, ఇంజెక్షన్లా, ఆగి చూడటమా అన్నది మీ ఆరోగ్యం, మీకు ముఖ్యమైనవి ఏంటి అన్నదాని మీద ఉంటుంది, మీకు తెలియకుండా మీ తరఫున ఎవరు ఎలా తేలుస్తారు? "నాకు తెలిస్తే భయపడతానేమో గానీ తెలియకపోతే ఇంకా భయంగా ఉంది" అని మీరే అనండి, పిల్లలకి అర్థమవుతుంది.

ఈసారి వెళ్ళినప్పుడు మొదటి ఐదు నిమిషాలు మీరొక్కరే లోపలికెళ్ళండి, తర్వాత అబ్బాయిని పిలవండి. కూర్చోగానే "డాక్టర్ గారూ, నాకు బాగానే వినపడుతుంది, నాతోనే మాట్లాడండి" అనండి, మీరు జీవితమంతా క్లాసులో చెప్పినట్టే చెప్పండి. చెవుడు ఉన్నవాళ్ళయితే అదీ ముందే చెప్పాలి, వినపడక తల ఊపితే డాక్టర్లు అర్థంకాలేదేమో అనుకుని పక్కవాళ్ళ వైపు తిరిగిపోతారు. పిల్లలకి ఒక మాట, డాక్టర్ మిమ్మల్ని అడిగినప్పుడు "నాన్నగారినే అడగండి సార్" అని మీరే అనండి, అంతకంటే పెద్ద సాయం ఏం లేదు.

ప్రశ్న: నాకు 67, షుగర్ ఉంది. హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుందామంటే ఏజెంట్ "65 దాటితే ఎవరూ ఇవ్వరు బాబాయ్" అంటున్నాడు. నిజమేనా?
- విశాఖపట్నం నుంచి ఒకరు

జవాబు: ఇప్పుడు నిజం కాదు. కొత్త పాలసీకి 65 ఏళ్ళ హద్దు ఉండేది, 2024 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీల్ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్డీఏఐ దాన్ని తీసేసింది, అన్ని వయసులవాళ్ళకీ పాలసీలు ఉండాలని కంపెనీలకి చెప్పింది. షుగర్, బీపీ లాంటి ముందే ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే కాలం కూడా 4 ఏళ్ళ నుంచి గరిష్ఠంగా 3 ఏళ్ళకి తగ్గింది. అయితే అడిగిన ప్రతివాళ్ళకీ ఇచ్చి తీరాలని కాదు, మెడికల్ టెస్టులు చేస్తారు, ప్రీమియం ఎక్కువ వేస్తారు, కాదనే అవకాశమూ ఉంది, కాదంటే మాత్రం కారణం కాగితం మీద రాసివ్వమనండి, ఏజెంట్ నోటిమాటతో ఆగిపోకండి. ప్రీమియం కట్టలేనంతగా పెంచేసి పెద్దవాళ్ళని బయటికి పంపించడం ఇంకో పద్ధతి, దాని మీద 2025 జనవరిలో ఐఆర్డీఏఐ ఒక ఆంక్ష పెట్టింది, సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు తమను సంప్రదించాలని. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు.

షుగర్ ఉన్న విషయం ఫారంలో దాచొద్దు, ఏజెంట్ వద్దన్నా రాయండి, ఎందుకంటే క్లెయిమ్ కొట్టేసేది దాని మీదే. కంపెనీకి కంప్లైంట్ ఇచ్చాక 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా హైదరాబాద్‌లో ఇలాంటి తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. మీకు 70 రాగానే ఇందాక చెప్పిన వయవందన కార్డు చేయించుకోండి, దానికి షుగర్‌కీ బీపీకీ వెయిటింగ్ పీరియడ్ లేదు, ప్రైవేట్ పాలసీ ఉన్నా ఇస్తారు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. అమ్మ రాజమండ్రిలో ఒక్కతే, 81 ఏళ్ళు, పనమ్మాయి వచ్చి పోతుంది. పోయిన వారం దాకా వీడియో కాల్‌లో మనవరాలికి పద్యాలు చెప్పింది. రెండ్రోజుల నుంచి నన్ను మా మావయ్య అనుకుంటోంది, పగలంతా నిద్ర, రాత్రి లేచి ఎక్కడికో వెళ్ళాలంటోంది. అక్కడి డాక్టర్ ఫోన్‌లో "ఈ వయసులో మతిమరుపు మామూలే, నిద్రకి బిళ్ళ రాస్తా" అన్నారు. టికెట్ బుక్ చెయ్యాలా, అల్జీమర్సేనా?
- ఓ కొడుకు

జవాబు: టికెట్ సంగతి తర్వాత, ముందు ఎవరో ఒకరు అమ్మని ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి అని మీకు వెంటనే చెప్పాను, తీసుకెళ్ళారు, రక్తంలో సోడియం అనే లవణం బాగా తగ్గిందని తేలింది, ఎక్కించాక మనిషి తేరుకున్నారని మీరు మళ్ళీ రాశారు. మీరు ఒప్పుకున్నారు కాబట్టి ఇది ఇక్కడ వివరంగా రాస్తున్నా, ఇది తెలియకే ఎంతోమంది పెద్దవాళ్ళు నిద్రబిళ్ళల మీద రోజులు గడిపేస్తున్నారు.

అల్జీమర్స్ నెలలు, ఏళ్ళ మీద మెల్లగా వస్తుంది. గంటల్లో, రోజుల్లో వచ్చిన తికమక, అదీ పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉండేది, దాన్ని డెలిరియం అంటారు, అది ఎమర్జెన్సీ. ఒంట్లో ఇంకెక్కడో ఏదో జరుగుతుంటే దాని ప్రభావం మెదడు మీద కనపడటం అది. సోడియం కనీసం ఉండాల్సిన 135 కన్నా బాగా తగ్గడం, యూరిన్ ఇన్ఫెక్షన్, నిమ్ము, మూత్రం బిగబట్టుకుపోవడం, నాలుగైదు రోజులు విరేచనం అవ్వకపోవడం, షుగర్ పడిపోవడం, ఒంట్లో నీళ్ళు తగ్గడం, పక్షవాతం, ఎప్పుడో మూడు వారాల కింద తలకి చిన్న దెబ్బ తగిలి లోపల రక్తం చేరడం, ఇలా ఏదైనా కావొచ్చు. పెద్దవాళ్ళకి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, అందుకే "జ్వరం లేదు కదా" అని వదిలేస్తారు. అరిచి గోల చేసేవాళ్ళనైనా పట్టించుకుంటారు గానీ మగతగా మూల పడుకునే రకం ఉంటుంది, అదే ఎక్కువ మిస్సవుతుంది.

మందుల వల్ల కూడా వస్తుంది. కొన్ని బీపీ బిళ్ళల్లో నీరు పోయే మందు కలిసి ఉంటుంది, ఎండాకాలంలో, విరేచనాల్లో, తిండి తగ్గినప్పుడు సోడియం లాగేస్తుంది. మెడికల్ షాపులో తెచ్చుకునే జలుబు బిళ్ళలు, దురదకి, నిద్రకి వాడేవి, మూత్రం ఆగట్లేదని ఇచ్చేవి, వీటిలో చాలావాటికి పెద్దవాళ్ళ మెదడుని మబ్బు కమ్మించే గుణం ఉంది. పెద్దవాళ్ళకి జాగ్రత్తగా ఇవ్వాల్సిన మందుల జాబితా ఒకటి 1991 నుంచీ ఉంది, బీర్స్ క్రైటీరియా అంటారు, ఎప్పటికప్పుడు మారుస్తుంటారు. ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆయుర్వేదంతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. నలుగురు స్పెషలిస్టులు తలా మూడు రాస్తే పన్నెండు బిళ్ళలవుతాయి, వాటిలో ఏది ఆపొచ్చో అడిగే మనిషే ఉండరు.

నిదానంగా వచ్చే మతిమరుపుని కూడా వయసు ఖాతాలో వేసెయ్యకండి. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్, చెవుడు, వీటన్నిటి వల్లా మతిమరుపు లాంటిది వస్తుంది, బి12 అయితే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడే షుగర్ పేషెంట్లలో, శాకాహారుల్లో తగ్గడం మామూలు. పరీక్ష చేయిస్తే తెలిసిపోయేవి ఇవి. విదేశాల్లో ఉన్న పిల్లలు ఒక పని చెయ్యండి, అమ్మానాన్నల మామూలు పరిస్థితి ఏంటో ఒక పేజీ రాసి పక్కింటివాళ్ళకి, దగ్గరి చుట్టానికి ఇచ్చి ఉంచండి, "రోజూ పేపర్ చదువుతుంది, బ్యాంకు పని తనే చూసుకుంటుంది, లెక్కలు తనే వేస్తుంది" అని. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్‌కి ఆవిడ నిన్న ఎలా ఉందో తెలియదు, ఈరోజు కనపడుతున్న మనిషే ఎప్పుడూ ఇలాగే ఉంటుందనుకుంటారు.

ప్రశ్న: నాన్నగారు పోయి రెండేళ్ళయింది. అమ్మకి 72. సరిగ్గా తినట్లేదు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది, "నేనుండి ఏం ప్రయోజనం" అంటుంది. చూపిస్తే "ఒంటరితనం అమ్మా, ఈ వయసులో ఉండేదే, భజనకి పంపండి" అన్నారు.
- ఓ కూతురు, నల్గొండ

జవాబు: భజనకి వెళ్ళడం మంచిదే గానీ అది డిప్రెషన్‌కి వైద్యం కాదు. మీరు రాసినవన్నీ దాని లక్షణాలే. ఇదే మాటలు పాతికేళ్ళ అమ్మాయి అంటే ఇంటిల్లిపాదీ పరిగెత్తి సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్తారు. 72 ఏళ్ళ వయసులో కూడా మందులు పనిచేస్తాయి, కౌన్సెలింగ్ పనిచేస్తుంది, ముందు థైరాయిడ్, రక్తం ఒకసారి చూపించండి. "ఉండి ఏం ప్రయోజనం" అన్న మాటని తేలిగ్గా తీసుకోవద్దు, చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన వస్తుందేమో అని భయపడకండి, అలా రాదు. అవునంటే ఒంటరిగా ఉంచొద్దు, ఇంట్లో మాత్రలు, పురుగుమందు లాంటివి చేతికందకుండా తీసెయ్యండి, ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో పీజీ చేస్తున్నాను. మీరు రాసేవి చదవడానికి బాగానే ఉంటాయి. ఒకటే వెంటిలేటర్ ఖాళీగా ఉండి 32 ఏళ్ళ అతనూ 80 ఏళ్ళావిడా వస్తే ఏం చెయ్యమంటారు? ఓపీలో మనిషికి రెండు నిమిషాలు దొరకని చోట మమ్మల్ని వివక్ష అంటే బాధేస్తుంది.
- ఓ జూనియర్ డాక్టర్

జవాబు: మీ బాధ నాకు తెలుసు, ఆ వార్డుల్లోనే నేనూ నేర్చుకున్నాను, కాబట్టి సూటిగా చెప్తాను. ఒకటే వెంటిలేటర్ ఉన్నప్పుడు ఎవరో ఒకర్ని ఎంచుకోక తప్పదు. దేన్ని బట్టి ఎంచుకుంటున్నాం అన్నదే అసలు విషయం. 2020 మార్చిలో ఇటలీలో కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు అక్కడి మత్తు వైద్యుల సంఘమే ఐసీయూకి వయసు హద్దు పెట్టాల్సి రావొచ్చని రాసింది, దాని మీద ప్రపంచమంతా చర్చ జరిగింది. వయసు ఒక్కటే చూడకుండా ఎవరు కోలుకునే అవకాశం ఎక్కువ, ముందు నుంచి మనిషి ఎంత గట్టిగా ఉన్నారు అన్నది చూడాలని వాదించినవాళ్ళతోనే నేను ఏకీభవిస్తాను. కెనడాలో తయారైన క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ అని ఉంది, 1 నుంచి 9 దాకా, అంకె పెరిగేకొద్దీ మనిషి అంత బలహీనం అని, రెండు వారాల కిందట ఈ మనిషి ఎలా ఉన్నారు, బజారుకి వెళ్ళేవారా, స్నానానికి సాయం కావాలా అని అడిగి వేస్తారు, పెద్దవాళ్ళ కోసం చేసిందే, రెండు నిమిషాల పని. 80 ఏళ్ళావిడ 3లో ఉండొచ్చు, 66 ఏళ్ళాయన 7లో ఉండొచ్చు. వయసు చూసి ఊహించేది ఈ ప్రశ్నలు అడిగితే తప్పని తేలుతుంది, చాలాసార్లు.

కానీ ఒకటి గమనించండి, నాకొచ్చిన ఉత్తరాల్లో వెంటిలేటర్ గురించి రాసింది మీరొక్కరే. మిగతావాటిలో ఎక్కువభాగం సోడియం పరీక్ష రాయకపోవడం, బీపీ నిలబెట్టి చూడకపోవడం, కళ్ళజోడు, చెవి మిషన్, నొప్పి, మూత్రం ఆగకపోవడం, వీటి గురించి. వీటికి వెంటిలేటర్ అక్కర్లేదు, కొరత వల్ల జరిగినవి కావు, "వయసే" అనుకుని ఆగిపోయినందువల్ల జరిగినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వయసు వివక్ష మీద ఇచ్చిన నివేదికలో 149 అధ్యయనాల సంగతి ఉంది, వాటిలో 85 శాతంలో ఏ పరీక్ష, ఏ చికిత్స ఎవరికి అందాలన్నది వయసును బట్టి తేలిపోయినట్టు కనపడింది. మందుల ట్రయల్స్‌లో పెద్దవాళ్ళని తీసుకోరు, తర్వాత ఆ మందు ఎక్కువగా వాడేది వాళ్ళే. ఇది మీ తప్పు కాదు, మీకు నేర్పకపోవడం. మన పక్కనే మద్రాస్ మెడికల్ కాలేజీలో 1996లోనే వృద్ధుల వైద్యంలో ఎండీ మొదలైంది, మన రెండు రాష్ట్రాల్లో ఈ స్పెషాలిటీ చదివినవాళ్ళు ఇప్పటికీ అరుదుగానే కనపడతారు. మీకు ఆసక్తి ఉంటే రండి, మనుషులు కావాలి ఇందులో.

రెండు నిమిషాల ఓపీ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, అది ప్రభుత్వం సరిచెయ్యాల్సింది, దాని గురించి మీరు గట్టిగా అడిగితే మీ వెనక నేనుంటాను.

ప్రశ్న: మా ఏరియా ఆస్పత్రిలో ముసలివాళ్ళకి వేరే లైన్ లేదు. పొద్దున ఏడింటికెళ్తే పదకొండింటికి చీటీ. అడిగితే కసురుకుంటారు.
- అనంతపురం జిల్లా నుంచి

జవాబు: 2007లో వచ్చిన తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టంలో 20వ సెక్షన్ చూడండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సీనియర్ సిటిజన్లకి వేరే క్యూ ఉండాలని, వీలైనంతవరకు బెడ్లు ఇవ్వాలని, ప్రతి జిల్లా ఆస్పత్రిలో వృద్ధుల కోసం ప్రత్యేక సదుపాయం ఉండాలని, దాన్ని ఈ వైద్యంలో అనుభవమున్న మెడికల్ ఆఫీసర్ చూడాలని అందులో ఉంది. ఒక్కరు అడిగితే కసురుకుంటారు, ఊళ్ళో పెన్షనర్ల సంఘం ఉంటుంది కదా, ఆ లెటర్‌హెడ్ మీద సెక్షన్ నంబర్ వేసి సూపరింటెండెంట్‌కి ఇచ్చి, కాపీ కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 కి కూడా చెప్పండి. ఒక కుర్చీల వరస, ఒక బోర్డు, దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ప్రశ్న: నాకు 84. రొమ్ములో గడ్డ క్యాన్సర్ అన్నారు. మీరేమో వైద్యం చేయించుకోండి అని రాస్తారు, నాకు ఆపరేషనూ వద్దు, కీమో వద్దు. పిల్లలు వినట్లేదు, ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. నా మాట ఎవరికీ పట్టదా?
- ఓ పెద్దావిడ, భీమవరం

జవాబు: పట్టాలి పెద్దమ్మా. వయసు చూసి వైద్యం ఆపెయ్యడం ఎంత తప్పో, వద్దంటున్న మనిషికి బలవంతంగా చేయించడం అంతే తప్పు, రెండిట్లోనూ అడగాల్సిన మనిషిని అడగట్లేదు. మీరు వద్దనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కానీ వద్దనేముందు మీకు పూర్తిగా తెలియాలి కాబట్టి ఒక్కసారి క్యాన్సర్ డాక్టర్‌ని ఇవి అడగండి. ఈ గడ్డకి హార్మోన్ రిసెప్టార్ పరీక్ష చేశారా అని, పెద్ద వయసు ఆడవాళ్ళలో వచ్చే రొమ్ము క్యాన్సర్లు చాలావరకు హార్మోన్‌కి లొంగే రకమే, అదే అయితే రోజుకొక బిళ్ళతో కూడా అదుపు చెయ్యొచ్చు, కోత లేదు, జుట్టు ఊడదు. ఏమీ చెయ్యకపోతే ఎలా ఉంటుంది, పుండు పడుతుందా, నొప్పి వస్తే ఏం చేస్తారు అని. చిన్న ఆపరేషన్ చేస్తే ఎన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండాలి అని. ఇవన్నీ విన్నాక కూడా వద్దనిపిస్తే వద్దు, అప్పుడు నొప్పి, బాధ లేకుండా చూసే పాలియేటివ్ కేర్ అడగండి, అది వైద్యం మానెయ్యడం కాదు, అదీ వైద్యమే.

పిల్లలు ముగ్గురినీ ఆ రోజు వెంట తీసుకెళ్ళి డాక్టర్ ముందే మీ మాట చెప్పండి, ఇంట్లో చెప్తే మొండితనం అనుకుంటారు, అక్కడ చెప్తే నిర్ణయం అని తెలుస్తుంది. మీకు స్పృహ ఉన్నంతకాలం మీ నోటిమాటే చాలు. ఎప్పుడైనా చెప్పలేని పరిస్థితి వచ్చి, ఇక కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చినప్పుడు వెంటిలేటర్ లాంటివి పెట్టొద్దనుకుంటే దానికి లివింగ్ విల్ అని ఉంది, సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ ఆఫీసర్ దగ్గర గానీ అటెస్ట్ చేయించాలి, మీ తరఫున మాట్లాడాల్సింది ఎవరో పేరు రాయాలి. ముగ్గురు పిల్లల్లో మీ మాట ఎక్కువ వినేదెవరో వాళ్ళ పేరు రాయండి, మిగతా ఇద్దరికీ ఆ సంగతి మీరే చెప్పండి. ఒక కాపీ మీ మందుల చీటీలున్న ఫైల్లోనే పెట్టండి, బీరువాలో దాస్తే ఆ సమయానికి ఎవరికీ దొరకదు.